జ్వరం, దగ్గు, గొంతునొప్పి: పరీక్ష ఎవరికి? జాగ్రత్త ఎవరికి?

వర్షాకాలం ప్రవేశించిన రెండు మూడు వారాలకే ఆసుపత్రులలో అవుట్ పేషెంటు విభాగం ముందు వరుస పొడవు పెరగడం మనందరికీ అనుభవమే. ముక్కు కారడం, గొంతునొప్పి, దగ్గు, ఒళ్ళునొప్పులు, నూటొకటి, నూటరెండు డిగ్రీల జ్వరం - వచ్చినవారిలో సగంమంది చెప్పేది ఇదే. దీనిని కొందరు రొంప అంటారు, కొందరు పడిశమంటారు, కాస్త తీవ్రమైతే విషజ్వరమంటారు. పేరేదైనా వీటిలో అత్యధిక భాగానికి కారణం శ్వాసకోశాన్ని ఆశ్రయించే వైరస్‌లే. ఇన్‌ఫ్లుయెంజా, కోవిడ్ వైరస్, పసిపిల్లలను ఎక్కువగా బాధించే ఆర్.ఎస్.వి., రైనో వైరస్, అడినో వైరస్ - ఇలా ఆ జాబితా పెద్దదే.

ఆ వరుసలో తరచుగా వినిపించే మాట ఒకటుంది. "డాక్టరుగారూ, ఎందుకైనా మంచిది, ఒక పరీక్ష రాసిపెట్టండి." 2020 అనుభవం తరువాత ఈ కోరిక మరింత బలపడింది. ఆ భయాన్ని తేలికగా కొట్టిపారేయడం సబబు కాదు; ఎందరో తమ ఆత్మీయులను పోగొట్టుకున్న కాలమది. అయితే పరీక్ష చేయించుకోవడం వేరు, చికిత్స పొందడం వేరు. ఈ తేడాను మన దేశం 2009లోనే క్షుణ్ణంగా ఆలోచించవలసి వచ్చింది.

2009 మే నెలలో అమెరికా నుంచి హైదరాబాదు చేరిన ఒక యువకునిలో హెచ్1ఎన్1 ఇన్‌ఫ్లుయెంజాను గుర్తించారు. దేశంలో నమోదైన మొదటి కేసు అదే. ఆగస్టు నాటికి పూణేలో తొలి మరణం సంభవించింది. వెనువెంటనే జనం పరీక్షాకేంద్రాల ముందు బారులు తీరారు. ఆ గుంపులలో నిజంగా ఫ్లూ ఉన్నవారూ, కేవలం భయంతో వచ్చినవారూ ఒకరి భుజానికొకరు ఆనుకొని గంటల తరబడి నిలబడ్డారు. లేని జబ్బును తెచ్చుకోవడానికి అంతకంటే దగ్గరి దారి ఉండదు! ఈ పరిస్థితిని గమనించే కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ రోగులను ఎ, బి, సి అనే మూడు వర్గాలుగా విభజిస్తూ మార్గదర్శకాలను వెలువరించింది. ఒక సామాన్య కుటుంబం ఇంట్లోనే నిర్ణయం తీసుకోవడానికి ఇంతకంటే ఉపయోగకరమైన పద్ధతి మరొకటి కనిపించదు. కనుక దీనిని కొంత వివరంగా చెప్పుకుందాం.

స్వల్పజ్వరంతోపాటు దగ్గు, గొంతునొప్పి, ఒళ్ళునొప్పులు, తలనొప్పి ఉన్నవారు ఎ వర్గం. వీరికి పరీక్ష అవసరం లేదు, ఫ్లూ మందు ఒసెల్టామివిర్ కూడా అవసరం లేదు. ఇంటిపట్టున ఉండి విశ్రాంతి తీసుకోవాలి. ఒకటి రెండు రోజులకు తమ స్థితిని డాక్టరు మళ్ళీ గమనించేటట్లు చూసుకోవాలి. ఈ లక్షణాలకు తోడు తీవ్రజ్వరం, భరించలేని గొంతునొప్పి ఉంటే అది బి వర్గం. గర్భిణులు, 65 ఏళ్ళు దాటినవారు, మధుమేహం, ఉబ్బసం, గుండె, మూత్రపిండాల, కాలేయ వ్యాధులు, క్యాన్సర్ వంటివి ఉన్నవారు, దీర్ఘకాలంగా స్టెరాయిడ్లు వాడుతున్నవారు లక్షణాలు స్వల్పంగా ఉన్నా బి వర్గంలోకే వస్తారు. వీరికి డాక్టరు ఒసెల్టామివిర్ మొదలుపెట్టవచ్చు. ఇక్కడ గమనించవలసిన విషయమేమంటే బి వర్గానికి కూడా పరీక్ష కోసం ఆగమని ఆ మార్గదర్శకాలు చెప్పలేదు. కారణం స్పష్టం. ఆ మందు లక్షణాలు మొదలైన 48 గంటలలోపు పడితేనే ఎక్కువ ఫలితమిస్తుంది. నమూనా పంపి, ఫలితం వచ్చేదాకా కూర్చుంటే ఆ విలువైన గడువు కాస్తా గడిచిపోతుంది.

ఆయాసం, ఛాతీనొప్పి, మగత, రక్తపోటు పడిపోవడం, కఫంలో రక్తపు జీర, గోళ్ళు నీలిరంగుకు తిరగడం - వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అది సి వర్గం. వెంటనే ఆసుపత్రిలో చేర్చాలి, పరీక్షా చేయాలి, చికిత్సా మొదలుపెట్టాలి. మూడూ ఏకకాలంలో జరగాలి.

2015లో ఈ వ్యాధి మళ్ళీ విజృంభించి దేశంలో 42 వేలకు పైగా కేసులు, దాదాపు 3 వేల మరణాలు నమోదైనప్పుడు ఈ వర్గీకరణే వైద్యులకు చేతికర్ర అయింది. 2025 జనవరిలో హెచ్.ఎం.పి.వి. పేరుతో టెలివిజన్ వార్తలు ఇళ్ళలో గుబులు పుట్టించాయి గాని, అది కొత్త వైరస్ కాదు. నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞులు 2001లోనే గుర్తించినది. దానికి ప్రత్యేకమైన మందు లేదు. కాబట్టి స్వల్పలక్షణాలున్న పిల్లవానికి వేల రూపాయలు ఖర్చుపెట్టి ఆ పరీక్ష చేయించినా చికిత్సలో మార్పేమీ ఉండదు.

ఇక పరీక్ష చేయవలసివచ్చినప్పుడు అందులో జరిగేదేమిటి? ముక్కు లోపలినుంచి, గొంతునుంచి పుల్లకు చుట్టిన మెత్తని కుచ్చుతో నమూనా తీస్తారు. దానిని ప్రత్యేక ద్రావణంలో ఉంచి, 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ప్రయోగశాలకు పంపుతారు. ఆర్.టి.పి.సి.ఆర్. పద్ధతిలో వైరస్ జన్యుపదార్థాన్ని కోట్ల రెట్లు పెంచి గుర్తిస్తారు. అందువల్లనే అది నమ్మదగినది, అందువల్లనే ఆలస్యమయ్యేది కూడా. ర్యాపిడ్ యాంటిజెన్ పరీక్ష అరగంట లోపే ఫలితం చెబుతుంది. అందులో 'ఉంది' అని వస్తే చాలావరకు నమ్మవచ్చు. 'లేదు' అని వస్తే మాత్రం లేదని ధైర్యపడటానికి వీల్లేదు. ఆ ఒక్క కాగితం చూసుకుని జ్వరంతోనే పెళ్ళిళ్ళకు బయలుదేరేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి. నమూనా ఇచ్చే రోజు కూడా ముఖ్యమే. మొదటి మూడు నాలుగు రోజులలో ఇచ్చినదానికే విలువ ఎక్కువ.

పసిపిల్లల విషయంలో తల్లులకు పరీక్షకంటె గడియారం ఎక్కువగా ఉపయోగపడుతుంది. బిడ్డ ఏడవకుండా నెమ్మదిగా ఉన్నప్పుడు చొక్కా ఎత్తి, నిమిషంపాటు శ్వాసలు లెక్కపెట్టాలి. రెండు నెలలలోపు శిశువుకు 60, రెండు నెలలనుంచి ఏడాదిలోపు 50, ఏడాదినుంచి ఐదేళ్ళలోపు 40 - ఈ అంకెలను చేరినా, దాటినా బిడ్డను వెంటనే డాక్టరుకు చూపించాలి. డొక్కలు ఎగరవేస్తున్నా, పాలు తాగలేకపోతున్నా, లేపినా లేవకుండా మత్తుగా ఉన్నా రాత్రీ పగలూ చూడకుండా ఆసుపత్రికి తీసుకురావాలి. పెద్దలకైతే వేలికి తొడిగే ఆక్సీమీటరు మంచి తోడు. అందులో అంకె 94 కంటె తగ్గితే ఇంట్లో ఉండరాదు.

మందుల గురించి కొంచెం. జ్వరానికి పారాసిటమాల్ చాలు. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వకూడదు. ఫ్లూ సమయంలో అది మెదడుకూ కాలేయానికీ ప్రమాదం తెచ్చే అవకాశముంది. వైరస్ మీద యాంటీబయాటిక్స్ పనిచేయవు. మందులపట్టీ వెనుక నిలువుగా ఎర్రగీత ఉన్నవాటిని డాక్టరు చీటీ లేకుండా కొనరాదని 2016నుంచి ప్రభుత్వం ప్రచారం చేస్తూ వచ్చినా, మందుల దుకాణంలో "మొన్న ఇచ్చినవే నాలుగు ఇవ్వండి" అనే అలవాటు మానలేదు. మరిగే నీళ్ళ గిన్నెపై పసివాడిని వంచి ఆవిరి పట్టించడమూ మానవలసినదే. జలుబుకంటె ఆ గిన్నె ఒరిగి కాలిన గాయాలే భయంకరం.

నివారణ విషయానికి వస్తే చేతులు సబ్బుతో 20 సెకన్లు కడగడం, దగ్గేటప్పుడు మోచేతిని అడ్డంపెట్టుకోవడం, కిటికీలు తెరిచి ఉంచడం అందరికీ తెలిసినవే. చెప్పవలసినది మరొకటుంది. ఇంట్లో అమ్మవారు పోసిందంటే గుమ్మానికి వేపమండలు కట్టి, బయటివారిని రానివ్వకుండా చూసిన సంప్రదాయం మనది. అదే ఫ్లూ వస్తే మాత్రం పరామర్శకు ఇంటిల్లిపాదీ బత్తాయిపళ్ళ సంచితో బయలుదేరుతాం! ఫ్లూ ఉన్న వ్యక్తి లక్షణాలు బయటపడటానికి ఒకరోజు ముందునుంచి, ఆ తరువాత ఐదు నుంచి ఏడు రోజుల వరకు ఇతరులకు వైరస్‌ను అంటించగలడు. పళ్ళు గుమ్మం దగ్గర ఇచ్చి, కుశలం టెలిఫోనులో అడిగితే మర్యాదకు లోపమేమీ ఉండదు.

ఇంతకంటె క్లిష్టమైనది మన పనిస్థలం. తలుపులు మూసిన ఎయిర్ కండిషన్డ్ కంట్రోల్ రూములో ఎనిమిది గంటలు, కిక్కిరిసిన షిఫ్టు బస్సులో రానుపోను ప్రయాణం, క్యాంటీనులో ఎదురెదురుగా భోజనం. జ్వరంతో ఒక్కరు డ్యూటీకి వచ్చినా వారం తిరిగేసరికి ఆ షిఫ్టులో ఎందరు మిగులుతారో చెప్పలేం. అయినా వస్తారు. కొందరికి పని ఆగిపోతుందన్న బాధ్యత. కొందరికి పూర్తి హాజరు బహుమతి చేజారుతుందన్న బెంగ. పాఠశాలల్లో పిల్లలకు ఇచ్చే నూరుశాతం హాజరు పతకమూ ఇటువంటిదే. శ్రద్ధను మెచ్చుకోవడం మంచిదే కాని, జ్వరంతో సెలవు తీసుకున్న రోజులను ఆ లెక్కలోనుంచి మినహాయించడం న్యాయం. ఒకటి రెండు రోజుల స్వల్పజ్వరానికి కూడా వైద్యధ్రువపత్రం తప్పనిసరి అనే పద్ధతి ఉన్నచోట మరో చిక్కుంది. కేవలం ఆ కాగితం కోసం ఎ వర్గపు రోగి వచ్చి, గర్భిణులూ, వృద్ధులూ కూర్చున్న బల్లమీదే రెండు గంటలు దగ్గుతూ కూర్చుంటాడు. మూడు రోజుల వరకు ఉద్యోగి స్వయంగా రాసి ఇచ్చిన మాటను అంగీకరించడం యాజమాన్యాలూ, కార్మిక సంఘాలూ కలిసి ఆలోచించదగిన విషయం. మందు వేసుకోకుండానే జ్వరం తగ్గి 24 గంటలు గడిచాక డ్యూటీకి రావడం ఉత్తమం. దగ్గు మిగిలి ఉంటే మాస్కు ధరించాలి.

ఫ్లూ టీకా సంగతి చాలామంది అడుగుతారు. ఈ వైరస్ ఏటా రూపు మార్చుకుంటుంది కనుక టీకా కూడా ఏటా వేయించుకోవలసిందే. నిరుడు వేయించుకున్నాం కదా అంటే కుదరదు. గర్భిణులు, వృద్ధులు, మధుమేహం, ఉబ్బసం ఉన్నవారు, ఆసుపత్రి సిబ్బంది ముందువరుసలో ఉండాలి. ఆరు నెలలు నిండిన పిల్లలకు వేయవచ్చు. తొమ్మిదేళ్ళలోపువారికి మొదటిసారి వేస్తున్నప్పుడు నాలుగు వారాల ఎడంతో రెండు మోతాదులు కావాలి. టీకా రక్షణ కుదురుకోవడానికి రెండు వారాలు పడుతుంది. మన దక్షిణాదిలో వానలతోపాటే ఫ్లూ పెరుగుతుంది కాబట్టి ఏప్రిల్, మే నెలలలోనే వేయించుకోవాలి. జ్వరాలు మొదలయ్యాక జులైలో వచ్చి అడిగేవారికి కూడా వేస్తారు గాని, అప్పటికి సగం కాలం గడిచిపోయి ఉంటుంది.