ఉప్పూ చక్కెరా... ఓ సంజీవని!

సంజీవని పర్వతాన్ని మోసుకెళ్తున్న హనుమంతుడి చేతిలోంచి ఓ ముక్క జారిపడిందట. అదే కొండగట్టు అంటుంది స్థలపురాణం. చైత్ర పౌర్ణమి వచ్చిందంటే చాలు... దీక్ష ముగించి మాల విరమణ చేసే స్వాములతో జగిత్యాల జిల్లాలోని ఈ గుట్ట కాషాయమయం అవుతుంది. కరీంనగర్, ఆదిలాబాద్, నిజామాబాద్‌ల వైపు నుంచి ఎందరో కాలినడకనే వస్తారు. మండే ఎండలో చెమటగా పోయేది నీరొక్కటే కాదు, ఉప్పు కూడా. వాంతులూ విరేచనాలూ పట్టుకుంటే ఈ నష్టం ఇంకా ఎక్కువ. అలాంటప్పుడు ప్రాణం నిలబెట్టే సంజీవని... ఓఆర్‌ఎస్‌ పొట్లం!

నీళ్లలో కలిపిన ఉప్పూ గ్లూకోజుకి అంత శక్తి ఎలా వచ్చింది? జవాబు మన పేగుల్లోని కణాల గోడల్లో ఉంది.

కోటకు కాపలా

ప్రతి కణం చుట్టూ రెండు వరసల కొవ్వుతో అల్లిన పల్చటి పొర ఉంటుంది. ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ దాని గుండా నేరుగా దూరిపోతాయి. ఉప్పు, చక్కెరలకు ఆ వీలు లేదు. ప్రొటీన్లతో తయారైన తలుపులు తెరుచుకోవాల్సిందే. నీటికీ ప్రత్యేక దారులున్నాయి. వాటిని కనిపెట్టిన పీటర్ ఆగ్రే 2003లో రసాయనశాస్త్ర నోబెల్ అందుకున్నారు.

నీటిదో స్వభావం... ఉప్పో చక్కెరో ఎటు చిక్కగా ఉంటే అటు పోతుంది. మామిడికాయ ముక్కలకు ఉప్పు కలిపి జాడీలో పెడితే మర్నాటికి ఊట దిగేది అందుకే. దీన్నే ద్రవాభిసరణ అంటారు.

జంటగా వస్తేనే...

పేగు గోడలో ఒక చిత్రమైన తలుపు ఉంది. ఉప్పులోని సోడియం ఒక్కటే వస్తే అది లోపలికి పంపదు. గ్లూకోజు తోడుంటేనే రానిస్తుంది. ఒక గ్లూకోజుకి రెండు సోడియంలు! ఆ రెండూ లోపలికి వెళ్లాక వాటి వెనకే నీరూ వెళుతుంది. ఈ జంట ప్రయాణాన్ని 1960లో రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రవేత్త వివరించాడు. కలరా సోకి ఒంట్లో నీరంతా బయటికి పోతున్నా ఈ తలుపు మాత్రం పనిచేస్తూనే ఉంటుంది.

1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో బొన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా చెలరేగింది. ఎక్కించడానికి సెలైన్ సీసాలు చాలలేదు. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు తాగించారు. మరణాలు గణనీయంగా తగ్గాయి. ఆయనకు 2023లో మరణానంతరం పద్మవిభూషణ్ ప్రకటించారు.

తీపి ఎక్కువైతే?

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం లీటరు నీటికి గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు. పొటాషియం క్లోరైడు, సిట్రేటు కూడా కొద్దికొద్దిగా ఉంటాయి. తీపి మితిమీరితే కథ అడ్డం తిరుగుతుంది. పేగులోనే చిక్కదనం పెరిగి, ఒంట్లోని నీటిని అటు లాగేస్తుంది... మామిడి ముక్కల్లోంచి ఊట దిగినట్టే! విరేచనాలు ఇంకా పెరుగుతాయి. పసిపిల్లలకైతే అది ప్రాణాల మీదికే రావచ్చు.

అందుకే చక్కెర దండిగా ఉన్న పానీయాలను ఓఆర్‌ఎస్‌ పేరుతో అమ్మకూడదంటూ హైదరాబాద్‌కు చెందిన పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో, ప్రమాణాలకు సరిపోని పానీయాల మీద ఆ పేరు వాడొద్దని దేశ ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది.

పొట్లం మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చూసుకోవాలి. ఎంత నీటిలో కలపమని రాసి ఉంటే అంతే కలపాలి. పొట్లం దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు... చెంచా తలగొట్టి కొలవాలి. కొంచెం కొంచెంగా తాగించాలి. బిడ్డ డీలా పడినా, తాగలేకపోయినా, మూత్రం తగ్గినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఆ సంజీవని కోసం హనుమంతుడు కొండనే ఎత్తుకొచ్చాడు. ఈ సంజీవని మన వంటింటి డబ్బాల్లోనే ఉంది. కావలసిందల్లా సరైన కొలత!