నాయకుడి మీద జోకు... గీత ఎక్కడ గురూ?

తెనాలిలో సినిమా చూసి రేపల్లె బండెక్కండి. పెట్టెలో రెండు గోలలు ఖాయం. ఒకటి హీరోల గోల, రెండోది పార్టీల గోల. ఈ రెండూ కలిశాయా... ఇక రేపల్లె దాకా కునుకు పట్టదు! ఎవడైనా సరదాకి ఓ నాయకుడి గొంతు అనుకరించాడనుకోండి. సగం పెట్టె పొట్ట చేత్తో పట్టుకుని నవ్వుతుంది. మిగతా సగం చొక్కా చేతులు మడుస్తుంది!

మరి తెరమీద రాజకీయ నాయకుణ్ణి ఎంతవరకు ఆటపట్టించవచ్చు? ఈ మాట అడగడానికి ఈ ప్రాంతమే తగినది. తెనాలి అనగానే వికటకవి గుర్తొస్తాడు. బాపట్ల పక్క అప్పికట్లలో పుట్టిన కొసరాజు రాఘవయ్య చౌదరిగారు 1939లో 'రైతుబిడ్డ'కి పాటలు రాశారు, వేషమూ కట్టారు. ఆ సినిమా జమీందార్లకి ఒళ్ళు మండించింది. తెనాలి దగ్గరి బుర్రిపాలెం బుల్లోడు కృష్ణ 1989లో ఏలూరు నుంచి లోక్‌సభకి వెళ్తే, 1999లో బాపట్ల ఓటర్లు నిర్మాత డి.రామానాయుడుగారిని ఢిల్లీ పంపారు. ఇక్కడ సినిమాకీ రాజకీయానికీ మధ్య గోడ ఎప్పుడుంది గనక!

రాజుగారు ఓర్చుకున్నారు, భటులు ఓర్వలేదు

1956లో వచ్చిన 'తెనాలి రామకృష్ణ' చూశారుగా? వికటకవి అక్కినేని. ఆ చతుర్లకి మురిసిపోయే రాయలవారు ఎన్.టి.రామారావు. సరిగ్గా 31 ఏళ్ళు తిరిగేసరికి, 1987లో, నిజంగానే రాజ్యమేలుతున్న రామారావుగారి మీదే చతురు పడింది. తాలూకాలు పోయి మండలాలు వచ్చిన రోజులవి. ప్రభాకరరెడ్డి 'మండలాధీశుడు' తీశారు. ఆయన్ని పోలిన వేషం కోట శ్రీనివాసరావుకి దక్కింది.

వేషం పండింది. ఫలితం? విజయవాడ రైల్వే స్టేషన్లో అభిమానులు కోటని చితక్కొట్టారు! కోటే ఈ సంగతి ఎన్నో ఇంటర్వ్యూల్లో చెప్పుకున్నారు. తర్వాత ఓసారి విమానాశ్రయంలో రామారావుగారు ఎదురైతే తనకి కాళ్ళు వణికాయట. ఆయన మాత్రం భుజం మీద చెయ్యి వేసి, నటన బాగుందని విన్నానంటూ మెచ్చుకుని వెళ్ళారట. జోకు తగిలిన మనిషి ఓర్చుకున్నాడు, తగలనివాళ్ళు కొట్టారు. ఇదేం న్యాయం?

రేపల్లె బాబు, శ్యాంబాబు

ఇక మన కాలానికి వద్దాం. 1989లో రేపల్లె నుంచి అసెంబ్లీకి వెళ్ళిన అంబటి రాంబాబు 2023లో మంత్రి. ఆ ఏడు భోగినాడు సత్తెనపల్లిలో ఆయన హుషారుగా స్టెప్పులేశారు. జూలైలో పవన్ కల్యాణ్ 'బ్రో' వచ్చింది. అందులో పృథ్వీ 'శ్యాంబాబు'గా అదే తరహాలో గెంతారు. హాలు ఘొల్లుమంది. ఆయన్ని అనుకరించలేదని పృథ్వీ అన్నా, జనం ఊరుకుంటారా!

నన్నడిగితే ఆ జోకులో తప్పులేదు. మంత్రిగారు నలుగురిలో చేసిన పని మీద నవ్వు అది. జవాబుగా అంబటి కూడా వెక్కిరించవచ్చు, అదీ ఆయన హక్కే. అయితే ఆయన చెప్పిన సినిమా టైటిళ్ళు పవన్ పెళ్ళిళ్ళ మీదికి వెళ్ళాయి. గీత దాటింది అక్కడే! ఎన్నికల్లో నిలబడింది నాయకుడు. ఆయన్ని పెళ్ళాడిన స్త్రీలు, కన్న పిల్లలు ఎవరినీ ఓటు అడగలేదు.

అటువైపూ చూద్దాం. 2025 ఫిబ్రవరిలో 'లైలా' వేడుకలో ఇదే పృథ్వీ మేకల లెక్క చెప్పి, అవతలి పార్టీ 11 సీట్లని గుర్తుచేశారు. ఎన్నికల ఫలితం మీద జోకు తప్పు కాదు. కానీ ఆ వేదిక ఎవరిది? సినిమాని బహిష్కరించాలన్న పిలుపులొచ్చాయి. ఆ మాట అనని హీరో విశ్వక్ సేన్ క్షమాపణ చెప్పవలసి వచ్చింది. మన జోకుకి బిల్లు పక్కవాడు కట్టకూడదు!

చాప్లిన్ చెప్పిన మాట

చార్లీ చాప్లిన్ అంతటివాడు 1940లో 'ది గ్రేట్ డిక్టేటర్'తో హిట్లర్ని ఉతికి ఆరేశాడు. నాజీ శిబిరాల్లోని ఘోరం పూర్తిగా తెలిసుంటే ఆ సినిమా తీయగలిగేవాణ్ణి కాదని 1964లో తన ఆత్మకథలో రాసుకున్నాడు. నియంతని వెక్కిరించినందుకు కాదు, ఆ నియంత కింద నలిగినవాళ్ళ బాధ నవ్వులాటకి అందేది కానందుకు.

కనక గీత ఎక్కడంటే... నాయకుడి పని మీద, మాట మీద, పదవి మీద ఎంతైనా నవ్వండి. కులం మీద, ఒంటి అవిటితనం మీద, ఇంటి ఆడవాళ్ళ మీద వద్దు. అధికారం ఉన్నవాడి మీద విసిరితే చతురు. దెబ్బతిన్నవాడి మీద విసిరితే అది రాయే!

ఇక రెండో గీత మనకి, అంటే టికెట్టు కొని హాల్లో కూర్చునే మనకి. జోకు నచ్చలేదా? నవ్వకండి. ఈలకి బదులు నిట్టూర్పు విడవండి. కమెడియన్‌కి అంతకు మించిన శిక్ష లేదు. చెయ్యి మాత్రం ఎత్తకండి.

ఈసారి రేపల్లె బండిలో మీ అభిమాన నాయకుడి మీద జోకు పేలితే ఏం చేస్తారు? చొక్కా చేతులు మడిచేముందు ఒక్కసారి రామారావుగారి చెయ్యి ఎక్కడ పడిందో గుర్తు తెచ్చుకోండి. కోట చెంప మీద కాదు, భుజం మీద!