కాపలా కాసే కన్నుకు కాపలా ఎవరు?

మొజంజాహీ మార్కెట్‌కి వెళ్ళినవాళ్ళు ఒక్క పని చూసుకుని తిరిగి రావడం కష్టం. జీడిపప్పు కోసం వెళ్తే పక్కనుంచి అత్తరు వాసన పిలుస్తుంది. సీతాఫలాల రోజుల్లో అయితే ఐస్‌క్రీం తినిపిస్తే గానీ పిల్లలు అక్కణ్ణుంచి కదలరు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో, 1935లో కట్టిన రాతి కట్టడం అది. ఆయన రెండో కొడుకు మొజంజా పేరు పెట్టారు. పాడుబడిపోతున్న దాన్ని బాగుచేసి 2020 ఆగస్టులో మళ్ళీ తెరిచారు. గడియారం గోపురం కింద నిలబడి ఫోటోలు దిగేవాళ్ళకి ఇప్పుడు కొదవ లేదు.

మొన్న మా ఆడపడుచు కూతురి సీమంతానికి ఖర్జూరాలు, పిస్తా, కాస్త కుంకుమపువ్వు కొందామని అటు వెళ్ళాను. "ఇరాన్ పిస్తా ఇంత రేటా?" అంటే దుకాణం పెద్దాయన నవ్వాడు.

"అక్కడ గొడవైతే ఇక్కడ రేటు పెరుగుతది కదమ్మా. పిస్తా ఒక్కటేనా, మీ ఇంట్ల గ్యాస్ సంగతి గంతే" అన్నాడు.

ఆయన చిల్లర లెక్కపెడుతుంటే వెనక గోడ మీద కెమెరా కనిపించింది. "దొంగల భయమా?" అని అడిగాను. "దొంగల భయం కొంచెం, చట్టం భయం ఎక్కువ. కెమెరా లేకుంటే ఊకోరమ్మా" అన్నాడు.

గ్యాసు, కెమెరా. చూడ్డానికి ఏ సంబంధమూ లేని రెండు మాటలు. కానీ ఆ రెండింటినీ ముడివేసిన దేశం ఒకటుంది. అది ఆ పిస్తా పండిన దేశమే.

నూనె బావి, దొంగచాటు పని

ఇరాన్ నేలలో చమురు పడింది 1908లో. తవ్వింది బ్రిటిష్ కంపెనీ. తమ యుద్ధ నౌకలకి చమురు కావాలని 1914లో బ్రిటిష్ ప్రభుత్వమే ఆ కంపెనీలో పెద్ద వాటా కొనుక్కుంది. మన మొజంజాహీ మార్కెట్ వెలిసిన 1935లోనే ఆ కంపెనీ పేరు 'ఆంగ్లో ఇరానియన్ ఆయిల్ కంపెనీ' అయింది. పేరులో ఇరాన్ చేరింది గానీ లాభంలో పెద్ద ముక్క లండన్‌కే పోయేది. ఇంటివాళ్ళు గంజి తాగుతుంటే పెరట్లో చెట్టుకాయలు పొరుగువాడు కోసుకుపోయినట్టన్నమాట.

1951లో ఇరాన్ పార్లమెంటు చమురుని జాతీయం చేసింది. ఆ పని నడిపించిన మొహమ్మద్ మొసాద్దెక్ ప్రధాని అయ్యాడు. బ్రిటన్‌కి కోపం వచ్చింది. ఇరాన్ చమురు ఎవరూ కొనకుండా కట్టడి చేసింది. అదీ చాలక, 1953 ఆగస్టు 19న అమెరికా, బ్రిటన్ గూఢచారి సంస్థల పథకంతో మొసాద్దెక్ ప్రభుత్వం కూలిపోయింది. ఆయనకి మూడేళ్ళ జైలు, ఆ తర్వాత 1967లో కన్నుమూసేదాకా ఇంట్లోనే నిర్బంధం. ఈ పనిలో తమ చెయ్యి ఉందని అమెరికా గూఢచారి సంస్థ పత్రాలే ఒప్పుకున్న సంగతి అరవై ఏళ్ళ తర్వాత, 2013లో బయటికొచ్చింది. కుట్ర జరిగిన మరుసటి ఏడాదే ఇరాన్ చమురులో అమెరికా కంపెనీలకి నూటికి నలభై పాళ్ళు వాటా దక్కింది.

సింహాసనం మీద కుదురుకున్న షాకి జనం అంటే భయం. బలం బయటినుంచి వచ్చినప్పుడు లోపలివాళ్ళంతా శత్రువుల్లాగే కనిపిస్తారు. అందుకే 1957లో 'సావాక్' అనే రహస్య పోలీసు సంస్థ పుట్టింది. దాన్ని తీర్చిదిద్దడంలోనూ అమెరికా సాయం ఉంది. ఎవరు ఏ పుస్తకం చదువుతున్నారు, ఎవరింటికి ఎవరు వస్తున్నారు అని కనిపెట్టడం దాని పని. చమురు కోసం ఒక ప్రభుత్వాన్ని కూల్చారు. నిలబెట్టిన ప్రభుత్వాన్ని కాపాడుకోవడానికి ఇళ్ళ కిటికీల్లోకి తొంగిచూశారు.

తీయమన్నదీ వాళ్ళే, వేయమన్నదీ వాళ్ళే

ఈ కథలో ఆడవాళ్ళ భాగం కొంచెం వింటే ఒళ్ళు మండుతుంది.

1936లో రెజా షా ఆడవాళ్ళు పరదా తీసెయ్యాలని ఆజ్ఞ వేశాడు. పోలీసులు వీధుల్లో ఆపి తలమీది గుడ్డ లాగేశారు. సిగ్గుతో ఇల్లు కదలడం మానేసిన ఆడవాళ్ళు ఎందరో. 1979లో ఆయన కొడుకు ప్రభుత్వం పడిపోయింది. విప్లవంలో ఆడవాళ్ళు కూడా రోడ్డెక్కారు. తీరా గెలిచాక, తల కప్పుకోవాలన్న మాట వినిపించింది. ఆ ఏడాది మార్చి 8న టెహరాన్‌లో వేలాదిమంది ఆడవాళ్ళు వద్దంటూ ఊరేగారు. అయినా 1983కల్లా కప్పుకోకపోతే కొరడా దెబ్బలు అనే చట్టమే వచ్చింది.

తీయమన్నప్పుడూ అడగలేదు, వేయమన్నప్పుడూ అడగలేదు. రాజు మారాడు, జెండా మారింది. ఆడదాని తలకేసి చూసే పోలీసు చూపు మాత్రం మారలేదు.

2022 సెప్టెంబరులో మహ్సా అమీనీ అనే ఇరవై రెండేళ్ళ అమ్మాయిని తలగుడ్డ సరిగా లేదని పోలీసులు పట్టుకెళ్ళారు. మూడు రోజులకి ఆమె చనిపోయింది. దేశం భగ్గుమంది. 2023 ఏప్రిల్‌లో అక్కడి పోలీసులు ఒక ప్రకటన చేశారు: తల కప్పుకోని ఆడవాళ్ళని బహిరంగ స్థలాల్లో కెమెరాలతో గుర్తుపడతాం అని. కార్లో తలగుడ్డ లేకుండా కూర్చుంటే కారు యజమాని ఫోనుకి హెచ్చరిక పంపడం, బండి పట్టుకెళ్ళడం కూడా జరిగాయి. డ్రోన్లతోనూ, ఫోన్ యాప్‌తోనూ కనిపెడుతున్నారని ఐక్యరాజ్య సమితి నిజనిర్ధారణ బృందం 2025లో రాసింది.

ట్రాఫిక్ కోసమనీ భద్రత కోసమనీ పెట్టిన కెమెరా ఎలాంటి పనికి పనికొచ్చిందో చూశారా? కెమెరాకి సొంత బుద్ధి ఉండదు. ఏ చేతిలో ఉంటే ఆ చేతి మాట వింటుంది.

మన వంటింటికీ లంకె ఉంది

'ఎక్కడో ఇరాన్ గొడవ మనకెందుకమ్మా' అంటారా? మన దేశం వాడే ముడి చమురులో 2023-24 లెక్క ప్రకారం నూటికి 87 పాళ్ళు బయటినుంచి వచ్చిందే. వంట గ్యాసులోనూ సగానికి పైగా దిగుమతే, అదీ ఎక్కువగా గల్ఫ్ దేశాలనుంచి. ఇరాన్ దగ్గర మనం ఏళ్ళ తరబడి చమురు కొన్నాం. అమెరికా ఆంక్షల వల్ల 2019 మే నెలలో ఆ కొనుగోలు ఆగిపోయింది. మన పొయ్యి మీద మంట పెంచాలా తగ్గించాలా అన్నది మన చేతిలో ఉన్నట్టే ఉంటుంది. సిలిండర్ ధర మాత్రం ఎక్కడో తేలుతుంది.

గల్ఫ్ అంటే మనకి నూనె ఒక్కటే కాదు, మనుషులు కూడా. కడప, గోదావరి జిల్లాల్లో కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళిన ఆడమనిషి లేని పల్లె వెతకాలి. 1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ని ఆక్రమించినప్పుడు లక్షా డెబ్బై వేలమందికి పైగా భారతీయుల్ని విమానాల్లో వెనక్కి తీసుకొచ్చారు. దాచుకున్నది వదిలేసి కట్టుబట్టలతో దిగినవాళ్ళలో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. నూనె కోసం పెద్దవాళ్ళు చేసే యుద్ధాల ఖర్చు చివరికి ఏ అమ్మ పోపుల డబ్బాలోంచో, ఏ అక్క పంపే మనియార్డరులోంచో పోతుంది.

ఇక మన ఊరి కెమెరాలు

మొజంజాహీ మార్కెట్‌నుంచి నడిచివెళ్ళేంత దూరంలోనే ఉంది కోఠి గోకుల్ చాట్. 2007 ఆగస్టు 25 సాయంత్రం అక్కడా, లుంబినీ పార్కులోనూ పేలిన బాంబులకి నలభై మందికి పైగా బలయ్యారు. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో మళ్ళీ పేలుళ్ళు. ఆ ఏడాదే ప్రజా భద్రత చట్టం వచ్చింది. ఒకేసారి వందమంది గానీ రోజుకి అయిదొందల మంది గానీ వచ్చే చోట్ల కెమెరాలు పెట్టాలి, నెలరోజుల బొమ్మలు దాచాలి, పోలీసులు అడిగితే ఇవ్వాలి. దుకాణం పెద్దాయన చెప్పిన 'చట్టం భయం' ఇదే.

కెమెరాలే వద్దు అనేదాన్ని కాదు నేను. ఆ పేలుళ్ళు గుర్తున్న ఏ హైదరాబాదీ అలా అనలేదు. 2014 అక్టోబరు 24న మొదలైన షీ టీమ్స్ బస్టాపుల్లో వెకిలి చేష్టలు చేసేవాళ్ళని వీడియో తీసి మరీ పట్టుకుంటున్నాయంటే నాకూ ధైర్యమే. మెడలో గొలుసు లాక్కుపోయినవాణ్ణి కెమెరా పట్టిస్తే సంతోషమే.

నా ప్రశ్నల్లా చూసేవాడికి హద్దు ఎక్కడ అని. 2018లో మన పోలీసుల యాప్‌లో ముఖం పోల్చి చూసే యంత్రాన్ని చేర్చారు. ముఖాన్ని కొలతలు తీసి, దాచి ఉంచిన ఫోటోలతో పోలుస్తుంది. అది చెప్పేది 'ఈ మనిషే' అని కాదు, 'ఈ మనిషి అయ్యుండొచ్చు' అని. 2018లోనే జాయ్ బులమ్‌వీనీ, టిమ్నిట్ గెబ్రూ అనే ఇద్దరు మహిళలు ముఖం చూసి ఆడో మగో చెప్పే ప్రోగ్రాములని పరీక్షించారు. తెల్ల మగవాళ్ళ విషయంలో నూటికి ఒక్క తప్పు కూడా లేదు. నల్లఛాయ ఆడవాళ్ళ దగ్గరకొచ్చేసరికి ఒక ప్రోగ్రాం నూటికి 34కి పైగా తప్పులు చేసింది. మన రంగూ మన ముఖాలూ గుర్తుకొస్తే ఈ లెక్క గుండెల్లో గుచ్చుకుంటుంది.

2021 మే నెలలో, కరోనా లాక్‌డౌన్ రోజుల్లో, ఎస్.క్యూ. మసూద్ అనే సామాజిక కార్యకర్తని పాతబస్తీలో పోలీసులు ఆపి, మాస్క్ తీయమన్నారు. ఆయన తీయనన్నా ఫోటో తీసుకున్నారు. ఆ ఫోటో ఏం చేస్తారని ఆయన హైకోర్టుకి వెళ్ళారు. 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసు ఇచ్చింది. 2021 అక్టోబరులో అయితే బండ్లు ఆపి, ఫోన్లు తీసుకుని వాట్సాప్‌లో 'గంజాయి' అన్న మాట కోసం వెతుకుతున్న పోలీసుల వీడియోలు నగరమంతా తిరిగాయి. 2022 ఆగస్టు 4న బంజారాహిల్స్‌లో పెద్ద కమాండ్ కంట్రోల్ సెంటర్ తెరిచారు. ఊరి కెమెరాలని ఒకచోట కూర్చుని చూడొచ్చు. 2024 మార్చిలో, అక్రమంగా ఫోన్లు విన్నారన్న ఆరోపణ మీద తెలంగాణ పోలీసు అధికారులే అరెస్టయ్యారు. కేసు నిలుస్తుందా లేదా అన్నది కోర్టు తేలుస్తుంది. వినే యంత్రం ఉంటే వినాలన్న కోరిక ఎవరికైనా పుట్టొచ్చు, అదీ నా భయం.

మా మెట్ల దగ్గరి కన్ను

పెద్ద సంగతులు పక్కన పెట్టి మా అపార్ట్‌మెంట్ సంగతి చెప్తాను. రెండేళ్ళ కిందట గేటు దగ్గరా, మెట్ల దగ్గరా, ప్రతి అంతస్తులోనూ కెమెరాలు పెట్టించుకున్నాం. అందరం చందాలు వేసుకున్నాం. ఆర్నెల్లు తిరక్కుండా, మూడో అంతస్తులో అద్దెకుండే ఐటీ ఉద్యోగం అమ్మాయి కళ్ళనీళ్ళతో మా ఇంటికొచ్చింది.

"ఆంటీ, నేను రాత్రి ఎన్నింటికి వస్తున్నానో, నన్ను ఎవరు దింపుతున్నారో మా ఓనరు ఊళ్ళో ఉన్న మా నాన్నకి ఫోన్ చేసి చెప్పారు. వీడియో కూడా పంపించారు. ఇంక ఉద్యోగం మానేసి రమ్మంటున్నారు."

దొంగ కోసం పెట్టిన కెమెరా ఆడపిల్ల మీద చాడీలు చెప్పింది. ఇంతవరకూ ఆ కెమెరాకి ఒక్క దొంగా దొరకలేదు.

ఆ ఆదివారం మేం అయిదుగురం ఆడవాళ్ళం అసోసియేషన్ మీటింగుకి వెళ్ళి కూర్చున్నాం. 'మీ ఆడవాళ్ళ మంచికే కదమ్మా' అన్నారు. 'మా మంచికే అయితే మమ్మల్నే అడగండి' అన్నాం. రెండు గంటలు వాదులాట అయ్యాక కాగితం మీద నాలుగు ముక్కలు రాయించాం. అంతస్తుల్లో తలుపులకి ఎదురుగా ఉన్న కెమెరాలు తీసేశారు. గేటు దగ్గరివి పదిహేను రోజులకి చెరిపేస్తారు. ఎవరైనా చూడాలంటే కారణం రాసివ్వాలి. చూసేటప్పుడు కమిటీలో ఇద్దరుండాలి, అందులో ఒకరు ఆడవాళ్ళు. ఆ అమ్మాయి ఇప్పుడు ఉద్యోగంలోనే ఉంది.

అడగాల్సిన ప్రశ్నలు

మా మెట్ల దగ్గర అడిగినవే ఊరిని కూడా అడగొచ్చు.

ఎవరు చూస్తున్నారు? ఏ కారణంతో చూస్తున్నారు?

ఎన్నాళ్ళు దాస్తారు? ఎప్పుడు చెరుపుతారు?

యంత్రం పొరబడితే నష్టపోయిన మనిషి ఎవరి దగ్గర మొరపెట్టుకోవాలి?

చూసేవాళ్ళ మీద చూసేవాళ్ళెవరు?

ఈ ప్రశ్నలు అడగడం దేశానికి ఎదురు తిరగడమేం కాదు. సొంత బతుకు సొంతంగా ఉంచుకోవడం ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు 2017 ఆగస్టు 24న ఒక్క మాటగా చెప్పారు. 2023లో మన వివరాలు కాపాడే చట్టమూ వచ్చింది. కానీ అందులోనే ప్రభుత్వ సంస్థలకి మినహాయింపు ఇచ్చే అధికారం కేంద్రం చేతిలో ఉంది. అంటే కొట్టువాడు మన ఫోన్ నంబరు దాచుకోవాలంటే మన ఒప్పుదల కావాలి, మినహాయింపు దొరికిన సర్కారీ సంస్థకి ఆ అడ్డు ఉండకపోవచ్చు.

మంచివాళ్ళు ఏలుతున్నప్పుడే హద్దులు రాసుకోవాలి. ఇరాన్ ఆడవాళ్ళకి ఆ వీలు దొరకలేదు. ఒక రాజు కట్టిన నిఘా అలవాటు మరో ఏలుబడికి దక్కింది, వాళ్ళు ఎటు తిరిగినా చూపు తప్పలేదు. మనకింకా కోర్టు ఉంది, పేపరుంది, నోరుంది.

కెమెరాలు పెట్టేటప్పుడు అందరూ చెప్పేది మన పేరే: 'ఆడవాళ్ళ భద్రత కోసం'. మన పేరు మీద జరిగే పనికి లెక్క అడిగే హక్కు మనదే. ముందు మీ గేటు దగ్గర కెమెరా బొమ్మలు ఎవరి ఫోన్లోకి వెళ్తున్నాయో కనుక్కోండి. అక్కడ మొదలుపెడితే చాలు.