తేలు కుట్టిన బిడ్డను తెల్లవారేదాకా ఉంచవద్దు



పెనుకొండ కొండ కింద రాతిగోడల ఇళ్లు, హిందూపురం చుట్టూ శెనక్కాయల చేలు, ధర్మవరంలో మగ్గం గుంతలు - ఈ సీమలో తేలును చూడని ఇల్లు లేదంటే అతిశయోక్తి కాదు. మనకు అలవాటైన పురుగు గనుక దానిని తేలికగా తీసుకొంటాము.

మా చిన్నతనములో మా వీధి పిల్లవాడొకడు శెనక్కట్టె వామి దగ్గర ఆడుకొంటూ తేలు కుట్టించుకొన్నాడు. చేతికి తాడు కట్టారు. చింతగింజ అరగదీసి అంటించారు. మంత్రము వేయించారు. నొప్పి తగ్గిందన్నాడు. అందరమూ నిద్రపోయాము. తొలికోడి కూసే వేళకు వాని చొక్కా చెమటతో తడిసిపోయింది. కాళ్లు చేతులు చల్లబడ్డాయి. ఊపిరాడక నోట నురుగు వచ్చింది. తెల్లవారి బస్సు వచ్చేలోగా ప్రాణము పోయింది. "నొప్పి తగ్గిందన్నాడు గదా!" అని ఆ తల్లి ఏడ్చిన ఏడుపు నేటికీ మా చెవులలో ఉన్నది.

అసలు జరిగినదేమిటి? నల్లని పెద్ద తేలు కుడితే బాధ ఎక్కువే గాని ప్రాణాపాయము అరుదు. చిన్నదైన ఎర్రతేలు అట్లు కాదు. దాని విషము నరములను రెచ్చగొడుతుంది. భయపడినప్పుడు ఒంటిలో ఊరే అడ్రినలిన్ వంటి రసాయనములు ఒక్కసారిగా రక్తములోకి వరదలా దిగుతాయి. రక్తనాళములు బిగుసుకొంటాయి, రక్తపోటు పెరుగుతుంది, గుండె అలసిపోతుంది, ఊపిరితిత్తులలో నీరు చేరుతుంది. విషము అంతే, బిడ్డ ఒళ్లు చిన్నది. అందుకే పెద్దలకంటె పిల్లలకు ముప్పు ఎక్కువ.

దీనికి మందు కనిపెట్టినది ఒక పల్లె వైద్యుడు. మహారాష్ట్రలోని మహాడ్ ప్రాంతములో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ 1970లలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో పనిచేస్తూ, తేలు కుట్టినవారి మంచము పక్కనే కూర్చొని వారి నాడి, రక్తపోటు, చెమట, ఒంటి చల్లదనము గమనించి రాసుకొన్నారు. ఆ సంగతులు 1982లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో అచ్చయ్యాయి. నాళములు బిగుసుకొనడమే కీడుకు మూలమైతే వాటిని సడలించే మందు ఎందుకు వాడరాదని ఆలోచించి, రక్తపోటుకు వాడే ప్రాజోసిన్ మాత్రను ఇచ్చి చూచారు. ఆ ఫలితములు 1986లో అదే పత్రికలో వచ్చాయి. అంతకు ముందు విషము తీవ్రముగా ఎక్కినవారిలో నూటికి 25 నుండి 30 మంది చనిపోయేవారు. ఈ వైద్యము వచ్చాక ఆయన చూచినవారిలో ఆ లెక్క నూటికి ఒకటికంటె తగ్గింది.

ఆయన అక్కడ ఆగలేదు. 2011లో 70 మందిపై చేసిన పరిశోధనను బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించింది. 35 మందికి ప్రాజోసిన్ ఒక్కటే ఇచ్చారు. తక్కిన 35 మందికి దానితోపాటు తేలు విషమునకు విరుగుడు ఇంజక్షన్ కూడా ఇచ్చారు. 10 గంటలలో పూర్తిగా కోలుకొన్నవారు మొదటి జట్టులో 8 మంది, రెండవ జట్టులో 32 మంది. 2022లో ప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది.

అయితే ఈ మందు వేళకు అందాలి. ఆలస్యమైతే ఆ బిడ్డకు ఇంటెన్సివ్ కేర్, శ్వాస యంత్రము, గుండెకు బలమిచ్చే మందులు కావలసి వస్తాయి. వాటికోసము దూరపు ఆసుపత్రికి పరుగెత్తాలి.

కనుక, తేలు కుట్టిన వేళ గుర్తు పెట్టుకోండి. చెమట, వాంతి, చొంగ, చల్లని చేతులు, ఆయాసము కనిపించేదాకా ఎదురు చూడవద్దు. తాడు బిగించవద్దు, కోయవద్దు. బిడ్డను పడుకోబెట్టి వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి, బండి లేకుంటే 108కు ఫోను చేయండి. ప్రాజోసిన్ మాత్ర ఇంట్లో వేయరాదు. బిడ్డ బరువును బట్టి మోతాదు వైద్యుడే చెప్పాలి. నొప్పి తగ్గినా, వైద్యుడు పంపించేదాకా ఇంటికి రావద్దు.

రాత్రి పిల్లలను నేలమీద గాక మంచముమీద పడుకోబెట్టండి. చెప్పులు, బట్టలు దులిపి వేయండి. వామి, కట్టెలమోపు, రాళ్లకుప్ప ఇంటి గోడకు ఆనించి ఉంచవద్దు.

ప్రార్థన చేయండి, దారిలోనే చేయండి. మా వీధి తల్లికి ఈ సంగతులు చెప్పేవారు ఆనాడు లేరు. మీరు చదివారు. పక్కింటివారికి కూడా చెప్పండి.