లెక్కపెట్టిన కాపరికే తెలియును



యోబు గ్రంథము 39వ అధ్యాయములో దేవుడు యోబును ప్రశ్న వెంట ప్రశ్న అడుగును. నిప్పుకోడిని గురించి, యుద్ధపు గుఱ్ఱమును గురించి అడిగి, 26వ వచనములో డేగను చూపించును. అది రెక్కలు చాచి దక్షిణమునకు సాగిపోవుట నీవు నేర్పిన విద్యయా అన్నది ఆ ప్రశ్న సారాంశము. మనలో చాలామందిమి ఈ వచనమును చదివి ముందుకు వెళ్లిపోవుదుము. అయితే దక్షిణము అన్న మాట అక్కడ ఊరకనే లేదు. పరిశుద్ధ దేశము మూడు ఖండములు కలిసే చోట ఉన్నది. ఐరోపా, పడమటి ఆసియాల నుండి ఆఫ్రికాకు పోవు గద్దలు, డేగలు, పక్షిరాజులు సముద్రమును తప్పించుకొని ఆ నేల మీదుగా ప్రతి యేటా గుంపులుగా సాగును. నేటికిని అక్కడ శరత్కాలమున మనుష్యులు దుర్భిణీలు పట్టుకొని వాటిని లెక్కించుచున్నారు.

మన తలల మీదుగా

ఇది దూరదేశపు సంగతి అనుకొనవద్దు. హైదరాబాదు పాతబస్తీలో పురానాపూల్ ఉన్నది. 1578లో ఇబ్రహీం కుతుబ్ షా కాలమున కట్టబడి, 1908 సెప్టెంబరు నాటి మూసీ వరదను చూచియు నిలిచిన వంతెన అది. దాని చేరువనే జియాగూడ మేకల మండి. జిల్లాల నుండి గొఱ్ఱెలను, మేకలను తెచ్చే మన పల్లెవారికి అది తెలిసిన చోటే. మాంసపు వ్యర్థములు దొరకును గనుక అక్కడి ఆకాశములో గద్దలు తిరుగుచుండును. చీలిన తోక చూచి వాటిని సులభముగా గుర్తు పట్టవచ్చును.

అవన్నియు ఊరి గద్దలే అనుకొందుము. కాని మన దేశములో చలికాలము గడుపుటకు హిమాలయములకు ఆవలి నుండి వచ్చే గద్దలును కలవు. భారత వన్యప్రాణి సంస్థ శాస్త్రజ్ఞులు ఢిల్లీలో కొన్నిటికి ఉపగ్రహ యంత్రములు కట్టి చూడగా, అవి వేసవికి హిమాలయములను దాటి కజకిస్తాన్, రష్యా, మంగోలియాల వరకు వెళ్లినట్లు తేలినది. ఒకే కొమ్మ మీద ఇంటివాడును అతిథియు కూర్చుండవచ్చునన్న మాట.

నంద్యాల జిల్లా (పూర్వపు కర్నూలు జిల్లా) రోళ్లపాడు గడ్డి మైదానములకు చలికాలమున పిల్లిగద్దలు వచ్చును. పగలు పొలముల మీద తక్కువ ఎత్తున తేలుచు మిడతలను పట్టి తినును. ప్రొద్దు గ్రుంకగానే గడ్డిలో నేల మీదనే బస చేయును. అందుచేత వాటిని సాయంత్రము బసకు దిగునప్పుడు లెక్కింతురు. రైతు కూలి ఇవ్వకుండానే పంటను కాచే పక్షి ఇది.

హైదరాబాదు సంస్థానపు పక్షులను సలీం అలీ 1931-32లో ఊరూరా తిరిగి నమోదు చేసెను. నేడు డెక్కన్ బర్డర్స్ అని పిలువబడుచున్న పక్షి పరిశీలకుల సంఘము 1980 నుండి నగరములో ఆ పని సాగించుచున్నది.

రెండు విధముల లెక్క

లెక్కించుట వలన ప్రయోజనమేమి అని కొందరు అడుగుదురు. బైబిలులో రెండు విధముల లెక్క కలదు. 2 సమూయేలు 24వ అధ్యాయములో దావీదు జనమును లెక్కించెను. తన బలము ఎంతో చూచుకొనవలెనన్న లెక్క అది. దాని వలన దేశమునకు తెగులు వచ్చెను. లూకా సువార్త 15వ అధ్యాయములోని కాపరియు లెక్కించెను. నూరింటిలో ఒకటి తప్పిపోయినదని అతనికెట్లు తెలిసినది? సాయంకాలము లెక్క చూచెను గనుకనే. లెక్కించనివాడు వెదకుటకు బయలుదేరడు.

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రములో ఒక కొండ మీద శరత్కాలమున దాటిపోవు డేగలను వేటగాండ్రు సరదాకు కాల్చి పడవేసేవారు. 1934లో రోజలీ ఎడ్జ్ అను స్త్రీ ఆ కొండను పొంది వేట మాన్పించి, లెక్క మొదలు పెట్టించెను. 1930ల చివర అక్కడ కనబడిన తెల్లతల పక్షిరాజులలో నూటికి 40 లేత వయస్సువి. 1950ల చివర నూటికి 20 మాత్రమే. పిల్లలు పుట్టుట తగ్గుచున్నదని ఆ లెక్క చెప్పినది. రేచెల్ కార్సన్ 1962లో ఆ అంకెలను తన పుస్తకములో చూపించెను. 1972లో అమెరికా డి.డి.టి. వాడకమును నిషేధించెను.

మన దేశములో రాబందుల విషయమున ఇట్లు జరుగలేదు. 1980లలో ప్రతి ఊరి పశువుల దిబ్బ మీదను అవి కనబడేవి గనుక ఎవరును లెక్కించవలెనని తలంచలేదు. 1990ల ఆరంభము నుండి 2007 నాటికి తెల్లవీపు రాబందులు వెయ్యింటికి ఒకటి మిగిలినవి. పశువులకు నొప్పి తగ్గుటకు ఇచ్చే డైక్లోఫెనాక్ మందే కారణమని 2004లో బయటపడినది. ఆ మందు పడిన పశువు చచ్చిన తరువాత దాని మాంసము తిన్న రాబందు మూత్రపిండములు చెడి చచ్చును. 2006లో ప్రభుత్వము పశువులకు ఆ మందును నిషేధించెను. రాబందులు పోగా కళేబరములు కుళ్లినవి, ఊరకుక్కలు పెరిగినవి. ఆ నష్టము మన పల్లెలదే. తెలంగాణలో ఆసిఫాబాదు జిల్లా బెజ్జూరు అడవిలోని పాలరాపు గుట్ట మీద 2013లో కొన్ని పొడుగుముక్కు రాబందులు కనబడుట మనకు మిగిలిన ఆశ.

పాంగ్తీ సాక్ష్యము

సంఘములు తలచుకొంటే ఏమి జరుగునో నాగాలాండు చూపించినది. అమూరు డేగ పావురమంత పక్షి, బరువు 150 గ్రాములకు అటు ఇటు. అది సైబీరియా, ఉత్తర చైనాల నుండి బయలుదేరి, అక్టోబరు, నవంబరు నెలలలో వోఖా జిల్లా డోయాంగ్ జలాశయము వద్ద దిగి, మన ద్వీపకల్పము మీదుగా అరేబియా సముద్రము దాటి దక్షిణ ఆఫ్రికాకు చేరును. 2012లో పాంగ్తీ గ్రామము చుట్టుపట్ల వలలు పన్ని ఒక్క కాలములోనే లక్షకు పైగా పక్షులను చంపిరని అంచనా. చంపినవారు దుర్మార్గులు కారు. పిల్లల చదువులకు డబ్బు కావలసిన పేద జాలరులు. మరుసటి యేట గ్రామ సభలు, బాప్టిస్టు సంఘములు, అటవీ శాఖ, స్వచ్ఛంద సంస్థలు కలిసి పని చేసినవి. బలిపీఠము నుండి బోధ జరిగినది. 2013లో ఒక్క పక్షియు వలలో చావలేదు. ఆ నవంబరులో మూడు పక్షులకు యంత్రములు కట్టి నాగా, వోఖా, పాంగ్తీ అని పేర్లు పెట్టిరి. ఆపదగా ఉన్న ఊరి పేరు కాపుదలకు గురుతు ఆయెను.

ఆ జాలరులకు కలిగిన నష్టమును మనము చులకన చేయరాదు. ఆదాయమును విడిచిన వారి విధేయత మన కానుకల సంచిలో వేసే నోటుకంటె ఖరీదైనది.

మనము చేయగలిగినవి

సెప్టెంబరు నుండి నవంబరు వరకు ఎండ ఎక్కి వెచ్చని గాలి పైకి లేచే వేళ, అనగా తొమ్మిది గంటలు దాటిన తరువాత, చెరువు గట్టు మీదనో మిద్దె మీదనో నిలువవలెను. పక్షులు సుడి తిరుగునప్పుడు లెక్క తప్పును. అవి ఒక వరుసగా జారిపోవునప్పుడు లెక్కించవలెను. తేదీ, గంట, గాలి దిక్కు, సంఖ్య ఒక నోటు పుస్తకములో వ్రాయవలెను. గుర్తు తెలియకపోతే గద్ద అని మాత్రమే వ్రాసిన చాలును. ఊహించి పేరు వ్రాయుట అబద్ధ సాక్ష్యము వంటిది. ఆదివార బడి పిల్లలకు ఇది మంచి పని. వారి చేతిలోని ఉండేలు దానంతట అదే క్రిందకు దిగును.

పశువుకు ఇంజెక్షను వేయించునప్పుడు డాక్టరు గారిని డైక్లోఫెనాక్ వద్దని, మెలోక్సికామ్ ఇవ్వండని అడుగుడి. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ మందులును పశువులకు నిషేధింపబడినవి. సంక్రాంతికి పిల్లలకు నైలాను మాంజా కొనిపెట్టకుడి. అది గద్దల రెక్కలను కోయును.

పిచ్చుకలలో ఒకటియు తండ్రికి తెలియకుండ నేల పడదని మన ప్రభువు బోధించెను. ఆయన లెక్క ఎన్నడును తప్పదు. దానిలో ఒక చిన్న పుటను మన పిల్లల చేత వ్రాయించుట మనకు దొరికిన భాగ్యము. ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.