కొత్త హెడ్‌ఫోన్లు, పాత పాటలు, మా అవ్వ

మూడు నెలల ట్యూషన్ డబ్బులు కూడబెట్టి పోయిన నెల హెడ్‌ఫోన్లు కొన్నాను. చెవిలో దూర్చుకునేవి కావు. చెవిని మొత్తం కప్పే రకం, తీగ ఉన్నవి, రెండు వేల లోపే. "ఎట్లా ఉన్నాయే?" అని క్లాసులో అందరూ అడిగారు. "బాగున్నాయి" అని ఊరుకుంటే సరిపోదు కదా! అందుకని వారం రోజులు రకరకాల పాటలు విన్నాను. ఏది ఎట్లా వినిపించిందో, ఎందుకట్లా వినిపించిందో నాకు అర్థమైనంత వరకు రాస్తున్నాను. పాటలతో మొదలుపెట్టిన పని మా అవ్వ దగ్గరికి వచ్చి ఆగింది. అదీ చెప్తాను.

ముందు ఇవి పనిచేసే పద్ధతి. ఒక్కో కప్పులో ఒక అయస్కాంతం, సన్న తీగ చుట్ట, ఆ చుట్టకు అతికించిన పలుచని పొర ఉంటాయి. ఫోను నుంచి వచ్చే కరెంటు పాటను బట్టి మారుతూ ఉంటుంది. దానితో చుట్ట ముందుకూ వెనక్కూ కదులుతుంది, పొర గాలిని కదిలిస్తుంది. మంద్రంగా ఉండే శబ్దానికి గాలిని ఎక్కువగా నెట్టాలి. ఫోనులోని చిన్న స్పీకరుకు అంత శక్తి లేదు. హెడ్‌ఫోనులో అయితే మెత్త చెవి చుట్టూ అతుక్కుని గాలి బయటికి పోకుండా ఆపుతుంది కాబట్టి చిన్న పొర అయినా చాలు. కళ్లద్దాల కాడలో, వెంట్రుకలో మెత్త కింద ఇరుక్కుంటే గాలి జారిపోయి ఆ మంద్రం తగ్గిపోతుంది. నేను అద్దాలు తీసి, జుట్టు వెనక్కి నెట్టుకున్నాకే అసలు సంగతి తెలిసింది.

మొదట ఇళయరాజా. మా ఇంట్లో అమ్మతో తెలుగు, అప్పాతో తమిళం. ఈ పాటలంటే అప్పాకు ప్రాణం. చిన్నప్పటినుంచి బస్సుల్లో, టీ కొట్ల దగ్గర విన్న పాటలే ఇవి. కానీ పల్లవి కింద బేస్ గిటారు ఇంకొక పాటలాగా తన దారిన తాను నడుస్తా ఉంటుందని ఇప్పుడే తెలిసింది. అప్పాకు పెడితే కళ్లు మూసుకుని కూర్చున్నారు, తిరిగి ఇవ్వడానికి అరగంట పట్టింది.

తర్వాత ఘంటసాల. ఇవి అవ్వ పాటలు. చాలావరకు మన మద్రాసు స్టూడియోల్లోనే రికార్డు అయినవి. అప్పటి రికార్డింగు మోనో, అంటే రెండు చెవులకూ ఒకే శబ్దం వస్తుంది. అందుకే గొంతు కుడివైపూ కాదు, ఎడమవైపూ కాదు, సరిగ్గా నా తల మధ్యలో ఉన్నట్టు అనిపించింది. వెనక సన్నగా 'సర్‌ర్' అనే గీర చప్పుడు కూడా వినిపిస్తుంది. మంచి హెడ్‌ఫోను మంచినే కాదు, లోపాన్నీ దాచదు. 'రోజా' (1992) నుంచి రెహమాన్ పాటలు దీనికి పూర్తిగా వేరు. ఒక వాయిద్యం ఎడమ చెవి దగ్గర, ఇంకొకటి కుడి చెవి దగ్గర, గొంతు నడుమ. ఫోను బల్లమీద పెట్టి వింటే ఇవన్నీ ఒకే కుప్ప.

నాదస్వరం, తవిల్ దగ్గర మాత్రం హెడ్‌ఫోన్లు ఓడిపోయాయి. పెళ్లిలో తవిల్ దెబ్బ చెవికే కాదు, గుండెకు కూడా తగులుతుంది. అది చెవి కప్పుల్లో ఎక్కడినుంచి వస్తుంది?

చివర కర్ణాటక సంగీతం. తంబురా తీగ కింద నూలుపోగు పెడతారే, దానివల్ల పుట్టే ఝుంకారం పాటంతా సాగుతూనే ఉంది. మృదంగం ఎడమవైపు రవ్వ ముద్ద అంటించి తెచ్చే బరువైన మోత, కుడివైపు మోగే శ్రుతి విడివిడిగా తెలిశాయి. కానీ నన్ను ఆపేసింది వాయిద్యాలు కాదు, మాటలు. త్యాగరాజ పంచరత్నాల్లో ఒకటి సంస్కృతం, నాలుగు తెలుగు. ఏటా తిరువైయారు ఆరాధన టీవీలో చూస్తాం. అయినా నాకు ఆ ఐదూ ఒకటే మోత. శ్రీరాగం కృతి హెడ్‌ఫోన్లలో వింటుంటే మాట తర్వాత మాట విడివిడిగా వచ్చింది. ఇది అమ్మా నేనూ మాట్లాడుకునే భాషే కదా అని సిగ్గేసింది, సంతోషమూ వేసింది.

పరుగెత్తుకుపోయి అవ్వకు ఘంటసాల పాట పెట్టాను. తాళం వేసింది, నవ్వింది. కాసేపటికి, "పాట వినిపిస్తా ఉండాది. మాట తెలీలేదే" అంది. సౌండు పెంచాను. "అరుస్తా ఉండారు, అంతే" అని తీసి నా చేతిలో పెట్టేసింది.

ఎందుకో తెలుసుకున్నాను. సెకనుకు ఎన్ని కంపనాలో అన్ని హెర్ట్జ్. చిన్న వయసు చెవి సుమారు 20 నుంచి 20,000 హెర్ట్జ్ వరకు వింటుంది. వయసుతో ముందుగా తగ్గేది పైభాగం. అచ్చుల బలం ఎక్కువగా కింది భాగంలో ఉంటుంది. 'స' లాంటి హల్లు బలం 4,000 పైన. వ్యాకరణం క్లాసులో అచ్చులు ప్రాణాలు, హల్లులు ప్రాణులు అని చదువుకున్నాం. అవ్వకు ప్రాణాలు వినిపిస్తున్నాయి, ప్రాణులు జారిపోతున్నాయి. మనం గట్టిగా అరిస్తే అచ్చులే ఎక్కువ పెద్దవవుతాయి, హల్లులు అంతగా కావు. అందుకే అరిచినకొద్దీ కోపం వినిపిస్తుంది గానీ మాట వినిపించదు.

పోయిన దీపావళికి అమ్మ వంటింట్లోంచి "కప్పు ఏదీ?" అని అడిగింది. అవ్వకు 'తప్పు' అని వినిపించింది. "నా తప్పేముండాది?" అని అలిగి ఆ పూట అన్నం తినలేదు. టీవీ సౌండు పెంచుతుందని నేను కూడా ఎన్నిసార్లు విసుక్కున్నానో. మొండితనం అనుకున్నాను.

ఇప్పుడు ఇంట్లో మిక్సీ ఆపి, ఎదురుగా కూర్చుని, నిదానంగా మాట్లాడుతున్నాం. పెదవులు కనిపిస్తే అవ్వ సగం పోల్చుకుంటుంది. వచ్చే శనివారం చెవి పరీక్షకు తీసుకుపోతున్నాం. మిషను పెట్టుకోనని ఇప్పటికే చెప్పేసింది. చూడాలి.

మన సంగతి కూడా ఒక మాట. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నని రోమకణాలు ఒకసారి పోతే మళ్లీ మొలవవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు. శబ్దం పెరిగితే ఆ గంటలు గబగబా తగ్గిపోతాయి. బస్సు హోరును మించాలని సౌండు పెంచేది మనమే. నేను సగం దాటనివ్వడం లేదు.

హెడ్‌ఫోన్లు నా సంచిలోనే ఉంటాయి, లంచ్ టైములో అడిగితే ఇస్తాను. అద్దాలు తీసి పెట్టుకోండి. మొదట మీకు బాగా తెలిసిన పాటే వినండి, తెలియనిది ఎంత ఉందో అప్పుడు తెలుస్తుంది.