చూపులేని బిడ్డ అడుగులు: అపోహలు – వాస్తవాలు

తెలుగు సినిమాలో చూపులేని మనిషి ఎక్కువగా రెండు రకాలుగా కనిపిస్తాడు. ఒకరు చేతులు చాచి గాలిలో తడుముకుంటూ మెట్టు దగ్గర బోర్లాపడతారు. ఇంకొకరు అలికిడి విని రౌడీలను మట్టికరిపిస్తారు. 2017లో వచ్చిన ‘రాజా ది గ్రేట్’లో రవితేజ ఈ రెండో కోవ. ఫిల్మ్‌నగర్‌లో పుట్టిన ఈ రెండు బొమ్మలనూ నమ్మి పిల్లల్ని పెంచే ఇళ్లున్నాయి. నా బాధల్లా అదే.

అపోహ: చూపు లేకపోతే ఒంటికి నిలకడ ఉండదు.

వాస్తవం: మనల్ని పడకుండా నిలబెట్టేవి మూడు: కన్ను, లోపలి చెవి, పాదాలూ కీళ్లూ కండరాలూ మెదడుకు పంపే కబురు. కన్ను ఒక్కటే దెబ్బతిన్న పిల్లల్లో మిగతా రెండూ పనిచేస్తూనే ఉంటాయి. ఒంటికాలి మీద నిలబడి కళ్లు మూసుకోండి. చీలమండ అటూ ఇటూ ఊగుతూ సర్దుకోవడం తెలుస్తుంది. ఆ బిడ్డ అడుగడుగునా చేసే పని అదే. కాళ్లు ఎడంగా వేసి, పాదం నేలకు రాస్తూ నడవడం పడకుండా తనకు తాను కనిపెట్టుకున్న ఉపాయం.

అపోహ: నడక ఆలస్యమైతే బుద్ధి కూడా మందమే.

వాస్తవం: చూపున్న పసివాడు ఎదురుగా బొమ్మ కనిపిస్తే పాకుతాడు. బొమ్మే కనిపించనివాడు దేనికోసం పాకాలి? మోత వినిపించిన చోట వస్తువు ఉంటుందని తెలియడానికే నెలలు పడుతుంది. డాక్టరుకు చూపించండి, తప్పదు. ఇంట్లో మాత్రం గిలక్కాయ చేతికందేంత దూరంలో మోగించి, తడిమించి, రేపు జానెడు దూరం జరపండి.

మిగతా ఇంద్రియాలు వాటంతట అవే పదునెక్కుతాయన్నది మరో భ్రమ. సాధన లేకుండా ఏదీ రాదు.

ఇక ‘పడిపోతాడు, కదలనివ్వకండి’ అనే మాట. ప్రేమతోనే అంటారు, కానీ అన్నిటికన్నా ఎక్కువ చేటు చేసేది ఇదే. కదలని ఒంటికి నిలకడ నేర్పేదెవరు? కదలనిస్తే ఏం చేయగలరో ఆటలో చూడండి. లోపల గుళ్లు గలగలలాడే ప్లాస్టిక్ బంతితో అంధుల క్రికెట్ ఆడతారు. ఆంధ్రప్రదేశ్‌కు చెందిన అజయ్ కుమార్ రెడ్డి నాయకత్వంలో మన జట్టు 2017, 2022లలో టీ20 ప్రపంచకప్ గెలిచింది.

సినిమావాళ్లు చేసిన మేలూ ఉంది. నిర్మాత, దర్శకుడు ఎల్.వి. ప్రసాద్ కుటుంబం విరాళంతో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో నెలకొల్పిన కంటి ఆస్పత్రి జూబ్లీహిల్స్‌కు దగ్గర్లోనే, బంజారాహిల్స్‌లో ఉంది. చికిత్సతో చూపు రానివారికి అక్కడ పునరావాస సేవలూ ఉన్నాయి.

ఇక వీధిలో నడిపించే సంగతి. జూబ్లీహిల్స్ వీధులన్నీ ఎత్తుపల్లాలే. అక్కడ బిడ్డతో నడిచేటప్పుడు చేయి పట్టి లాగకండి. మీ మణికట్టు తననే పట్టుకోనివ్వండి, కాస్త పెద్దయితే మోచేతికి పైన. అరడుగు వెనక నడవనివ్వండి. పల్లం మొదలవగానే మీ ఒళ్లు ఒరిగిన తీరు ఆ చేతికి తెలిసిపోతుంది, పాదం అప్పటికే సర్దుకుంటుంది.